అమ్మానాన్నల పేరుతో పరుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

జబ్బుతో దూరమైన తల్లి లేదా తండ్రి జ్ఞాపకంగా పరిగెడుతూ, ఆ పేరుతో ఆస్పత్రులకూ సేవా సంస్థలకూ విరాళాలు పోగుచేయాలని చాలామంది పాఠకులు రాస్తున్నారు. శిక్షణ, డబ్బు సేకరణ, ఆరోగ్యం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఆమె పేరు మీద 10కె (10 కిలోమీటర్లు) పరిగెత్తాలని ఉంది. నాకు 38 ఏళ్లు. బడి వదిలాక ఒక్కసారీ పరిగెత్తలేదు. ఇప్పుడు ఏప్రిల్. సరిపోతుందా? (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: సరిపోతుంది. మీ చేతిలో దాదాపు 18 వారాలున్నాయి. 10కెకి ఇది మంచి గడువు. హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) ఆలోచన మాత్రం ఈ ఏడాదికి పెట్టుకోకండి.

వారానికి మూడు రోజులు చాలు, రెండు పరుగుల మధ్య ఒక రోజు విశ్రాంతి ఉండాలి. మొదటి నాలుగు వారాలు 5 నిమిషాలు చురుగ్గా నడిచి, ఆపైన 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక చొప్పున 8 సార్లు చేయండి. చివర మళ్లీ 5 నిమిషాలు నడవండి. ఐదో వారం నుంచి 3 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక చొప్పున 7 సార్లు. తొమ్మిదో వారం నుంచి 8 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక చొప్పున 4 సార్లు. ఈ మూడు రోజుల్లో ఆదివారాన్ని దూరానికి కేటాయించండి. 3 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి అర కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ, ప్రతి నాలుగో వారం కాస్త తగ్గించండి. పోటీకి రెండు వారాల ముందు 9 కిలోమీటర్లు చేయగలిగితే పదో కిలోమీటరు ఆ రోజు జనం మధ్యలో అదే వచ్చేస్తుంది.

వేగం ఎంతుండాలని చాలామంది అడుగుతారు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. కొత్తవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొదటి రెండు వారాల ఉత్సాహంలో రోజూ పరిగెత్తేస్తారు, మూడో వారానికి మోకాలికీ చీలమండకూ మధ్య ముందు ఎముక పట్టేస్తుంది. నొప్పి ఎముక పొడవునా పరుచుకుని ఉంటే సాధారణంగా కొన్ని వారాల విశ్రాంతితో తగ్గుతుంది. వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా గుచ్చితే అది ఎముక చిట్లే సూచన కావచ్చు. పరుగు ఆపేసి ఎముకల డాక్టరుకు చూపించండి.

ఏప్రిల్, మే నెలల్లో తెల్లారి 6 దాటేలోగా ఇంటికి వచ్చేయాలి. ఎండకు శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దూరం పెంచకండి. చెమటలు పోస్తున్న ఒంటి మీద ఉన్నట్టుండి రోమాలు నిక్కబొడుచుకుని చలి పుట్టినా, తల తిరిగినా, మాట తడబడినా వెంటనే నీడలోకి వెళ్లి తల, మెడ, చంకలు తడుపుకోండి. ఆగస్టులో ఎండ తగ్గినా ఉక్కపోత ఉంటుంది. పైగా హైదరాబాద్ దారి ఫ్లైఓవర్లు, ఎత్తులతో కూడినది. అందుకని జూన్ నుంచి వారంలో ఒక రోజు ఏదైనా ఫ్లైఓవర్ గానీ గుట్ట రోడ్డు గానీ ఎక్కి దిగడం అలవాటు చేసుకోండి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయండి.

బూట్లు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడు రోడ్ల మీద గోళ్లు నల్లబడతాయి. సరిగ్గా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కూడా బూట్లంత ముఖ్యమే. పోటీ రోజున రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తినండి. ఆ రోజు కొత్తది ఏదీ వద్దు, బూట్లయినా తిండయినా.

ఇంకొక్క మాట. మీ అమ్మగారికి ఏ వయసులో క్యాన్సర్ బయటపడిందో గుర్తు చేసుకోండి. మామోగ్రామ్ పరీక్షలు ఆ వయసుకు సుమారు పదేళ్ల ముందు నుంచే మొదలుపెట్టాలని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. 50 ఏళ్లలోపే వచ్చి ఉంటే జన్యు పరీక్ష అవసరమా అనీ అడగండి. పరుగుకు పేరు నమోదు చేసుకునే వారంలోనే ఈ అపాయింట్‌మెంట్ కూడా తీసుకుంటే వాయిదా పడదు.

ప్రశ్న: నాన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చివరి రోజులు చాలా బాధపడ్డారు. హాఫ్ మారథాన్ పరిగెత్తి లక్ష రూపాయలు పోగుచేసి, చివరి దశ రోగులను చూసుకునే చోటుకు ఇవ్వాలనుకుంటున్నాను. స్నేహితులు నా ఫోన్‌పేకే పంపుతామంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు, వదిన వాళ్లన్నయ్య కూడా ఇస్తామంటున్నారు. ఎలా చేయాలి? (వరంగల్ పాఠకుడు)

జవాబు: మీ ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. సులువుగా కనిపించే ఈ దారిలో మూడు చిక్కులున్నాయి. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో మీ ఖాతాకు ఊరికే వచ్చిన డబ్బు మొత్తం 50,000 రూపాయలు దాటితే, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అదంతా మీ ఆదాయం కిందికి వస్తుంది. మీరు సంస్థకు కట్టినా ఆ లెక్క మీరే నిరూపించుకోవాలి. రెండోది, రసీదు మీ పేరు మీదే వస్తుంది కాబట్టి స్నేహితులకు పన్ను మినహాయింపు రాదు. మూడోది మాట పడటం. ఎంత వచ్చింది, ఎంత కట్టావు అని ఎవరూ మొహం మీద అడగరు, కానీ అనుకుంటారు. నాన్న పేరు మీద చేసే పనికి ఆ మాట రాకూడదు.

ముందు సంస్థను ఎంచుకోండి. హైదరాబాద్ ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పీస్ లాంటి చోట చివరి దశ రోగులకు ఉచితంగా సేవ చేస్తారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో కూడా నొప్పి నివారణ, ఉపశమన వైద్య విభాగం ఉంది. ఎక్కడికిచ్చినా ముందు స్వయంగా వెళ్లి, నిధుల వ్యవహారాలు చూసే మనిషితో కూర్చుని మాట్లాడండి. అడగాల్సినవి ఇవి: 80జి అని అందరం పిలిచే, విరాళాల మీద వచ్చే పన్ను మినహాయింపుకు రిజిస్ట్రేషన్ ఇప్పుడు అమల్లో ఉందా, మా పరుగు కోసం విడిగా ఒక పేజీ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఇస్తారా, వచ్చిన డబ్బును మేం చెప్పిన పనికే వాడి ఆ మాట కాగితం మీద రాసిస్తారా, ఎన్ని రోజుల్లో రసీదులు పంపుతారు. ప్రభుత్వ ఆస్పత్రి అయితే డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి. సూపరింటెండెంట్ కార్యాలయాన్ని అడిగి అధికారిక ఖాతాకే పంపండి.

"క్యాన్సర్ రోగుల కోసం" అని అడగడం కంటే "పుండ్లు పడకుండా మంచాల మీద వేసే గాలి పరుపులు 5" అని అడిగితే ఇచ్చేవాళ్లు ఎక్కువ. మంచం పట్టిన రోగిని కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గాలి పరుపు ఆ పనికి తోడు పడుతుందే తప్ప తిప్పే మనిషి అవసరాన్ని తీర్చదు. అందుకని ఆ మనిషి జీతానికైనా ఇవ్వవచ్చు. సంస్థకు ఏది కావాలో వాళ్లనే చెప్పనివ్వండి. చెప్పకుండా కొనుక్కెళ్లిన వీల్‌చైర్లు, దుప్పట్లు చాలాసార్లు స్టోర్‌రూమ్‌లోనే ఉండిపోతాయి.

దాతలకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రసీదుకు పేరు, చిరునామా, పాన్ కావాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది, కొత్త విధానంలో లేదు. ఎక్కువ సంస్థలకు ఇచ్చిన దాంట్లో సగానికే మినహాయింపు, దానికీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది. 20 శాతం శ్లాబులో ఉన్న మనిషి 10,000 ఇస్తే 5,000 మీద 1,000 రూపాయల పన్ను, దానిపై 40 రూపాయల సెస్సు మిగులుతాయి. అంతే. "పన్ను మొత్తం తిరిగొస్తుంది" అని ఎవరికీ చెప్పకండి.

ఇక అమెరికా విషయం. మీ తమ్ముడు హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉండి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే) ఖాతాల నుంచి నేరుగా సంస్థకు పంపవచ్చు. వదిన వాళ్లన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోగలదు, అదీ న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ఆ సంస్థ ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే. "నీ ఖాతాకు పంపుతాను, నువ్వు కట్టెయ్" అంటే ఒప్పుకోకండి. దాంతో మీరూ సంస్థా ఇద్దరూ ఇబ్బందిలో పడతారు.

అడగడం పరుగుకు ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. మొదట ఇంటివాళ్లు నలుగురైదుగురి చేత వేయించండి. సున్నా కనిపించే పేజీలో మొదటివాడుగా వేయడానికి ఎవరూ ముందుకు రారు. గ్రూపులో పడేసిన మెసేజ్‌కు స్పందన తక్కువ, ఒక్కొక్కరికీ పేరు పెట్టి పంపండి. ఇలా ఉండవచ్చు: "రమేష్ బాబాయ్, నాన్న పోయి ఏడాది అవుతోంది. ఆగస్టు చివర్లో ఆయన పేరు మీద 21 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. చివరి రోజుల్లో ఉన్న క్యాన్సర్ రోగులకు 5 గాలి పరుపులు కొనిపించాలని నా ప్రయత్నం. డబ్బు నేరుగా సంస్థకే వెళ్తుంది, రసీదు మీ పేరు మీదే వస్తుంది. మీకు వీలైనంత." పోటీకి వారం ముందు ఒకసారి, పరుగు పూర్తయిన సాయంత్రం బిబ్‌తో (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) ఉన్న ఫొటోతో మరోసారి గుర్తుచేయండి. ఆ సాయంత్రమే ఇచ్చేవాళ్లు బాగా ఉంటారు కాబట్టి పేజీని ఇంకో రెండు వారాలు తెరిచే ఉంచమనండి. ఆస్పత్రి మంచం మీది ఫొటో మాత్రం పెట్టకండి. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫొటో వాడండి, అదీ అమ్మను అడిగి.

ప్రశ్న: టీషర్టు మీద నాన్న ఫొటో వేయించాలనుకుంటున్నాం, ఆరుగురం పరిగెడుతున్నాం. ఎలాంటిది మంచిది? (రాజమండ్రి పాఠకురాలు)

జవాబు: ఫొటో వీపు మీద వేయించండి. ఛాతీ మీద బిబ్ వస్తుంది, నాలుగు మూలలా పిన్నులు పెట్టాక ఫొటో దాని కిందికి పోతుంది. బిబ్‌ను కప్పడానికి వీల్లేదు, నంబరు కనపడాలి. కాటన్ వద్దు. చెమట పీల్చి బరువెక్కి ఒంటికి రాసుకుంటుంది. పాలియెస్టర్ బట్ట మీద సబ్లిమేషన్ ప్రింటు అడగండి. రంగు బట్టలోకే ఇంకుతుంది, గాలి ఆడుతుంది. చౌకగా వేసే ప్లాస్టిక్ పొరలాంటి ప్రింటు గాలిని ఆపేస్తుంది, దాని అంచులు చర్మాన్ని గీరుతాయి. సబ్లిమేషన్ తెలుపు లేదా లేత రంగు బట్ట మీదే బాగా వస్తుంది. మగవాళ్లు చనుమొనల మీద టేపు గానీ వాసెలిన్ గానీ పెట్టుకోవాలి, హాఫ్ దూరానికి అక్కడ రక్తం రావడం మామూలే. టీషర్టును ఒకసారి ఉతికి, ఒక లాంగ్ రన్‌లో (వారంలో ఎక్కువ దూరం పరిగెత్తే రోజు) వేసుకుని చూశాకే పోటీకి వాడండి.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర. నాన్న మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. స్నేహితులం కలిసి విశాఖలో నేవీ మారథాన్‌లో 10కె పరిగెత్తి, మా ఉద్దానం కిడ్నీ రోగులకు సాయం చేయాలనుకుంటున్నాం. డబ్బు దేనికి పెడితే మంచిది? మాకూ ఆ జబ్బు వస్తుందేమోనన్న భయం ఉంది, పరిగెత్తవచ్చా? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: ముందు మీ సంగతి. ఉద్దానంలో చాలామందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు, కాబట్టి మీ ప్రాంతంలో ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే పరీక్షలు (రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్), బీపీ చూపించుకోవాలి. శిక్షణ మొదలుపెట్టే ముందే ఇది చేయించండి. పరీక్షకు ముందు రెండు రోజులు పరిగెత్తకండి. గట్టి పరుగు తర్వాత క్రియాటినిన్, ఆల్బుమిన్ రెండూ తాత్కాలికంగా పెరిగి కనిపిస్తాయి, అనవసరంగా హడలిపోతారు. ఫలితాలు బాగుంటే పరిగెత్తవచ్చు. తేడా ఉంటే కిడ్నీ డాక్టరు చెప్పేదాకా ఆగండి.

నొప్పి మాత్రల విషయంలో మీరు మరీ జాగ్రత్తగా ఉండాలి. పోటీ పొద్దున డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి వేసుకుని బయల్దేరే అలవాటు చాలామందిలో ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే ఏర్పాటును ఈ మందులు అడ్డుకుంటాయి. పరుగు రోజున అసలు వద్దు. పరుగు తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నట్టు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. నీళ్లు కూడా దాహాన్ని బట్టే తాగండి. 10 కిలోమీటర్లకు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఓఆర్‌ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్‌ను పూర్తి లీటరు నీళ్లలోనే కలపాలి, సగం గ్లాసులో కలిపితే వాంతులవుతాయి.

ఇక డబ్బు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది, డయాలసిస్ ప్రభుత్వ పథకంలో ఉచితం. రోగి ఇంటిని కుంగదీసేది మిగతా ఖర్చు. డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అంటే నెలకు 13 సార్లు ప్రయాణం. రోగి ఒక్కడే తిరిగి రాలేడు, తోడు మనిషి ఉండాలి. ఇద్దరికీ రానూ పోనూ కలిపితే నెలకు 52 టికెట్లు, పైగా తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. మా దృష్టిలో మీ డబ్బు ఈ ప్రయాణానికి పెడితే సూటిగా ఉపయోగపడుతుంది. కవిటి, కంచిలి, మందస వైపు నుంచి ఒకే షిఫ్టుకు వెళ్లే రోగులు నలుగురైదుగురుంటే నెలకు ఒక బండి మాట్లాడుకోవచ్చు. డయాలసిస్ కేంద్రంలో షిఫ్టుల పట్టిక చూసే మనిషిని ముందుగా కలవండి. ఒకే ఊరివాళ్లను ఒకే షిఫ్టులోకి మార్చగలిగితేనే ఈ లెక్క కుదురుతుంది. బండి ఏర్పాటును రిజిస్టరైన స్థానిక సంస్థ ద్వారా నడిపించండి, కనీసం ఆరు నెలల డబ్బు చేతిలో ఉన్నాకే మొదలుపెట్టండి. రెండు నెలలు నడిపి ఆపేస్తే, ఆటోవాడితో ఉన్న పాత ఏర్పాటు వదులుకున్న రోగికి అదీ ఇదీ లేకుండా పోతుంది.

ప్రశ్న: నాన్న 49 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. నాకు 42. ఆయన పేరు మీద హాఫ్ మారథాన్ పరిగెత్తితే నాకేమైనా అవుతుందేమోనని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. (నెల్లూరు పాఠకుడు)

జవాబు: ఇంట్లోవాళ్ల భయంలో అర్థముంది. తండ్రికి 55 ఏళ్లలోపు, తల్లికి 65లోపు గుండె జబ్బు వస్తే పిల్లలకు ముప్పు ఎక్కువని లెక్క. బీపీ, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), కొలెస్ట్రాల్ పరీక్షలతో పాటు లైపోప్రొటీన్-ఏ (రక్తంలో కొవ్వును మోసే ఒక రకం కణం) కూడా జీవితంలో ఒక్కసారి చేయించుకోండి, వంశపారంపర్యంగా వచ్చేది అది. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో గుండె డాక్టరు చూసి చెబుతారు. ఎకో ఎందుకంటే, కొన్ని ఇళ్లలో "గుండెపోటు" అనుకున్న మరణం నిజానికి గుండె కండరం మందమయ్యే జబ్బు వల్ల జరిగి ఉంటుంది, అదీ పిల్లలకు రావచ్చు. నాన్నగారి పాత రిపోర్టులుంటే తీసుకెళ్లండి. ట్రెడ్‌మిల్ బాగుందంటే ఇక ఏమీ కాదని కాదు. పరుగులో ఛాతీ, దవడ, ఎడమ చేయి పట్టేసినా, కళ్లు బైర్లు కమ్మినా అక్కడికక్కడే ఆగిపోవాలి, "ఇంకో కిలోమీటరే కదా" అనుకోకూడదు. సిగరెట్ ఉంటే పరుగు కంటే ముందు అది మానాలి.

సేకరించే డబ్బుతో మీ ఊళ్లో సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ పెట్టించే ఆలోచన చేయండి. ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం బొమ్మ మీద చేతులతో చేస్తేనే వస్తుంది, చూస్తే రాదు.

ప్రశ్న: అమ్మ సంవత్సరీకాలు ఇంకా కాలేదు. ఏడాదిలోపు ఇలాంటి వాటిలో పాల్గొనకూడదని పెద్దనాన్న అంటున్నారు. (తెనాలి పాఠకురాలు)

జవాబు: ఇది మీ ఇంటి ఆచారం, పెద్దలతో మాట్లాడి తేల్చుకోవాల్సిందే. డప్పులు, పతకాలు చూసి వేడుక అనుకుని ఉంటారు. ఆస్పత్రికి చేరే డబ్బు సంగతి చెప్పి చూడండి. అప్పటికీ ఇష్టం లేకపోతే వచ్చే ఏడాదికి మార్చుకోండి, ఫీజు తిరిగిరాకపోయినా ఫర్వాలేదు. తిథిని, పోటీ తేదీని కలపాలని చూడకండి. తిథి ప్రతి ఏటా వేరే ఇంగ్లిషు తేదీన వస్తుంటుంది. కర్మ చేసేవాళ్లు ఆ రోజు పిండప్రదానం అయ్యేదాకా ఏమీ తినరు కాబట్టి మాసికం, ఆబ్దికం రోజుల్లో లాంగ్ రన్ పెట్టుకోవద్దు.

ప్రశ్న: అమ్మ గుంటూరులో పక్షవాతంతో పోయింది. నేను ఇంగ్లండ్ రెడింగ్‌లో ఉంటాను. లండన్ మారథాన్ లాటరీలో సీటు రాలేదు. ఛారిటీ సీటు తీసుకుని ఆ డబ్బు గుంటూరు ఆస్పత్రికి ఇవ్వవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఇవ్వలేరు. 1981లో మొదలైన లండన్ మారథాన్‌లో ఛారిటీ సీటు అంటే, ఆ సీటు కొనుక్కున్న బ్రిటిష్ సంస్థ కోసమే మీరు సేకరిస్తానని ఒప్పందం. మామూలుగా 2,000 పౌండ్లు, ఆపైన అడుగుతారు. తగ్గితే మిగతాది మీరే కట్టాలా లేదా అన్నది ఒప్పంద పత్రంలో చదివాకే సంతకం చేయండి. పక్షవాతం మీద పనిచేసే స్ట్రోక్ అసోసియేషన్ లాంటి సంస్థకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. అక్కడ పన్ను కట్టే దాత గిఫ్ట్ ఎయిడ్ పెట్టెలో టిక్కు పెడితే ప్రతి పౌండుకూ 25 పెన్నీలు ప్రభుత్వం కలుపుతుంది. ఇండియా నుంచి వేసే చుట్టాలు ఆ టిక్కు పెట్టకూడదు, వాళ్లకు ముందే చెప్పండి.

గుంటూరుకే ఇవ్వాలని గట్టిగా ఉంటే సొంత ఫీజుతో దగ్గర్లో ఏదైనా హాఫ్ పరిగెత్తండి. పైన వరంగల్ పాఠకుడికి చెప్పిన పాస్‌పోర్టు నియమం మీకూ వర్తిస్తుంది. లండన్‌కే వెళ్తే శిక్షణ జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది, చలికాలపు నెలల్లో చాలావరకు చీకట్లోనే, మెరిసే జాకెట్ తప్పనిసరి. చివరి మూడు వారాలకు ముందు ఒకసారి 30 కిలోమీటర్ల దాకా వెళ్లి, అక్కణ్నుంచి దూరం తగ్గించుకుంటూ రండి.

ప్రశ్న: పరుగు మధ్యలో నాన్న గుర్తొచ్చి ఏడుపు ఆగదు, ఊపిరి అందదు. (ఖమ్మం పాఠకుడు)

జవాబు: పరిగెత్తుతూ ఏడిస్తే గొంతు బిగుసుకుని గాలి సరిగా ఆడదు, అంతే జరుగుతోంది. నడకలోకి మారండి. ముక్కుతో నాలుగు అంకెల సేపు పీల్చి, నోటితో ఆరు అంకెల సేపు వదలండి. రోడ్డు పక్కకు వచ్చి నడవండి, వెనక వచ్చేవాళ్లు తగలకుండా. ఏడవడం తప్పేమీ కాదు, ఆపుకోవాలని చూడకండి. పరుగు లేని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం వారాల తరబడి ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: లక్ష అనుకున్నాను, 38,000 వచ్చింది. దాతలకు ఏం చెప్పాలి? (అనంతపురం పాఠకుడు)

జవాబు: వచ్చింది వచ్చినట్టు చెప్పండి. ముందు సంస్థ నుంచి ఎవరెవరు ఎంత ఇచ్చారో జాబితా తెచ్చుకుని, ఇస్తామని ఇవ్వనివాళ్లకు ఒక్కసారి మాత్రం గుర్తుచేసి వదిలేయండి. 38,000కు ఏం కొనవచ్చో సంస్థతో మాట్లాడి, ఆ వస్తువు చేరాక ఒక ఫొటో తీసి (రోగుల ముఖాలు రాకుండా), మొత్తం ఎంత, దేనికి, ఏ తేదీన అన్న మూడు వాక్యాలతో ఒక్కొక్కరికీ పంపండి. రసీదుతో పాటు, సంస్థ ఆదాయపు పన్ను వెబ్‌సైట్ నుంచి తీసి ఇచ్చే దాత సర్టిఫికెట్ కూడా ఉంటేనే మినహాయింపు దొరుకుతుంది. ఇన్నాళ్లూ 10బీఈ అని పిలుస్తున్నది అదే. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే నెలాఖరులోగా అది రావాలి. ఏప్రిల్ చివర్లో సంస్థకు ఫోన్ చేసి, పాన్ నంబర్లు తప్పుపడినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని సరిచేయించండి.